కొమురయ్య తాత ఎక్కిన గుట్ట

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. జ్వరం వస్తే దవాఖానకు పోకుండా ముందు దిష్టి తీసేవాళ్లను మా దేవరకొండలో చూసి చూసి విసిగిపోయాను. ఇది చదివాక నన్నూ వాళ్లలో కలిపేస్తే మీ ఇష్టం. జరిగింది మాత్రం చెప్తాను.

డిగ్రీ అయ్యాక ఒక సర్వేలో చేరాను. పెద్ద వయసువాళ్లు రోజంతా ఏం చేస్తారో తెలుసుకోవడం పని. వాళ్ల చేతికి గడియారం లాంటి పట్టీ కడతాం. అది కదలికలు, ఎక్కిన ఎత్తు పట్టుకుంటుంది. సాయంత్రం వెళ్లి ఆ రోజు ఏం చేశారో అడిగి ఫోన్‌లో నింపుతాం. మనిషి చెప్పినదాన్నీ పట్టీ చెప్పినదాన్నీ హైదరాబాద్ ఆఫీసులో పోల్చి చూస్తారు. పోలిక కోసం మేమూ ఒక పట్టీ కట్టుకోవాలి.

పల్లెలన్నీ కాలినడకనే తిరగాలి. నాన్న లేడు, ఇల్లు నా జీతంతోనే గడిచేది. కాళ్లు ఆగితే పొయ్యి ఆగినట్టే.

కొమురయ్య తాత గొర్రెల కాపరి. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కాసేవాళ్లు లేక మందను అమ్మేశారు. మంచం మీద ఉన్నవాళ్లు కూడా సర్వేలో కావాలన్నారు కాబట్టి ఆయన పేరు రాసుకున్నాను. కోడలు సత్తెమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతూ ఆయన్ని చూసుకునేది.

ఆ ముసలాయనకు మొదటి రోజు నుంచే నేనంటే గిట్టలేదు. నా ముఖం చూసేవాడు కాదు, కాళ్లే చూసేవాడు. నాకూ ఆయనంటే ప్రేమేం పుట్టలేదు.

ఆయన మణికట్టు చిక్కిపోయి పట్టీ జారిపోతుంటే, సత్తెమ్మ గొంగడిలోంచి నల్ల ఉన్నిదారం లాగి బిగించి కట్టింది. నా పట్టీ కొక్కెం కూడా వదులుగా ఉందని, అదే దారం తెంపి నాకూ కట్టింది. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

సాయంత్రాలు "తాతా, ఇవాళ ఏం జేసినవ్?" అని అడిగితే ఆయన జవాబు ఒకటే. "మంద ఎన్క గుట్టకు పోయిన."

మతి తప్పిందనుకుని అదే నింపి పంపేదాన్ని.

వారం తిరిగేసరికి ఆఫీసు నుంచి సారు ఫోన్ చేశాడు. మంచం దిగని మనిషి రోజూ మధ్యాహ్నం గుట్ట ఎక్కుతున్నట్టు పట్టీ చూపిస్తోందట. పల్లెలు తిరిగే నేనేమో అదే సమయానికి కదలకుండా పడుకున్నట్టు ఉందట. పట్టీలు మార్చి కట్టి దొంగ లెక్కలు పంపుతున్నానని తేల్చేశాడు. కాదని మొత్తుకున్నాను. నిప్పు లేనిదే పొగ రాదన్నాడు. పని మాది, పెత్తనం వాళ్లది.

కొత్త పట్టీలు పంపారు. దారాలు మాత్రం పాతవే వాడాం. మళ్లీ అదే తంతు. ఇంకోసారి ఇలా జరిగితే తీసేస్తామన్నారు. దానికి తోడు, మధ్యాహ్నం అయితే చాలు నా ఎడమ కాలు బరువెక్కేది. చెప్పు జారి వెనక ఉండిపోయినా తెలిసేది కాదు. ఎండ దెబ్బనుకుని సరిపెట్టుకున్నాను.

సత్తెమ్మే ఏదో మోసం చేస్తోందని నా అనుమానం. పట్టుకుందామని ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. తాత కళ్లు మూసుకుని మంచంలో ఉన్నాడు. పట్టీ ఆయన చేతికే ఉంది. నేను ఆయన ఎదురుగా వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ ఫోన్‌లో రెండు పట్టీల లెక్కలూ చూశాను.

నా పట్టీలో చలనం లేదు. ఆయనది ఎత్తు ఎక్కుతోంది.

తాత నుదురంతా చెమట. మందలోని జీవాలను అదిలించినట్టు పెదవులు సన్నగా కదులుతున్నాయి. కాళ్లు మాత్రం కట్టెల్లా పడి ఉన్నాయి. సత్తెమ్మ మీద విరుచుకుపడ్డాను.

ఆమె కుట్టుపని ఆపి తల వంచుకుంది. "కుంటిజీవానికి, మంచిగ నడిచేదానికి ఒక్క గొంగడి దారమే తెంపి కడ్తం మేడం. నడిచేదాని సత్తువ జర దీనికొస్తది. మామ అడిగిండు, కట్టిన. మనుషులకు గిట్ల తాకుతదనుకోలే."

అప్పుడు ముసలాయన కళ్లు తెరిచాడు. మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"నీ కాళ్లు మంచిగనే ఉన్నయ్ గద. జర వాడుకుంటే నీదేం బోయింది?"

నాకు పిచ్చి కోపం వచ్చింది. సత్తెమ్మ చేతిలోని కత్తెర లాక్కుని నా చేతి దారం కత్తిరించబోయాను.

"ఆగు. ఇంకా దింపలే," అన్నాడు తాత.

ఏం దింపలేదో నేను అడగలేదు. కత్తిరించి అక్కడే పడేశాను.

మర్నాటి నుంచి ఆయన పట్టీ కదల్లేదు. నాది నడిచింది. కాలు తేలికైంది. సారు ఇప్పుడు దారికొచ్చావన్నాడు. ఉద్యోగం నిలిచింది.

నెల తిరగకముందే ముసలాయన పోయాడు. సత్తెమ్మ ఫోన్ చేసి చెప్పింది. "సచ్చేదాక ఒక్కటే మాట మేడం. జీవాలు గుట్ట మీదనే ఆగినయన్నడు. దారం తెంపిన పిల్లనే వాటిని దింపాలె అన్నడు."

ఇప్పుడు షాద్‌నగర్‌లో కుర్చీలో కూర్చునే ఉద్యోగం నాది. పట్టీ ముట్టను. కానీ ఈ రోజుల్లో ఫోన్లు మనం అడగకపోయినా అడుగులు లెక్కపెడతాయి. కొన్ని మధ్యాహ్నాలు నా ఫోన్ బల్ల మీద కదలకుండా ఉండగానే ఎత్తు ఎక్కుతున్నట్టు చూపిస్తుంది. అప్పుడు నా ఎడమ కాలు బరువెక్కుతుంది. ఫోన్ మార్చినా అంతే. డాక్టరుకు చూపించుకున్నాను. కాల్లో ఏ లోపమూ లేదన్నారు.

ఇదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి. ఎక్కినట్టే తప్ప, దిగినట్టు ఏ ఫోనూ ఒక్కసారీ చూపించలేదు. నాకు ఆ గుట్ట దారి కూడా తెలియదు.