పాత బండికి అసలు చక్రాలు

రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు తీసుకుపోతే, రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టర్ మా కారు చుట్టూ ఒకసారి తిరిగి చక్రాల దగ్గర ఆగిపోయాడు. మాకంటే ముందు ఆ కారు నడిపిన షోకుమనిషి ఎవరో దానికి వెడల్పాటి అల్లాయ్ చక్రాలు బిగించుకున్నాడు. అవి బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మీద టైర్లేమో గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉన్నాయి. "కంపెనీ సైజు రిమ్ములు, మంచి టైర్లు ఏసుకొని రా అమ్మా. అప్పుడు రెన్యూవల్ అయితది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అయినా నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఈ చక్రాలతోనే తిరగలేదా అని నోటిదాకా వచ్చింది కానీ, పక్కన మా ఆయన ఉన్నాడని మింగేశాను.

మా ఆయనది నీళ్ల పైపుల డిపార్ట్‌మెంటులో పని. ఒకరోజు తవ్విన గుంతలోకి జారిపడి మోకాలు నుజ్జయింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు గానీ ఆ కాలు ఇక వంగదు. బస్సు ఎక్కలేడు. ఆటోలో కూర్చుంటే కాలు బయటే ఉంటుంది. మా కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపితే మాత్రం కాలు చాపుకొని కూర్చోగలడు. పెద్ద సారు దయవల్ల ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు, కానీ రోజూ పోయి హాజరు వేయించుకోవాలి. నేను స్టీరింగ్ పట్టింది అందుకే. కారు ఆగిందంటే ఆయన ఉద్యోగం ఆగినట్టే.

నేను సైదాబాద్‌లో ఇంట్లోనే బట్టలు కుడతాను. బేరాల్లో నన్ను మించినదాన్ని మా గల్లీలో చూపించండి చూద్దాం. బేగంబజారులో సేట్లు నన్ను చూడగానే, ఈమెతో లొల్లి ఎందుకులే అని అసలు ధర చెప్పేస్తారు. అలాంటిదాన్ని టైర్ల బజారుకు పోతే ఒక్కరూ నా మొహం చూడరే! "సార్ రాలేదా అమ్మా?" అని నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూస్తారు. ఒకడైతే అరిగిపోయిన టైరు మీద కత్తితో గీతలు కోసి, నల్లరంగు పూసి, "కొత్తదానికేం తక్కువ లేదు" అని చూపించాడు. ముట్టుకుంటే రంగు నా వేలికంటింది. వాడిని ఏమేం అన్నానో ఇక్కడ రాయను.

అక్కడ నిలబడి చూస్తుంటే నాకొక సంగతి అర్థమైంది. వచ్చిన మగవాళ్లంతా ముందు టైరును కాలితో ఒక తన్ను తంతారు. దాంతో ఏం తెలుస్తుందో నాకు తెలియదు, వాళ్లకూ తెలుసని అనుకోను. కానీ తన్నినవాడితో దుకాణం వాడు కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాడు. ఇంకేం, నేనూ మొదలుపెట్టాను. చెప్పుకాలితో ఒకటి తన్ని, ముఖం చిట్లించి, "రబ్బరు గట్టిపడ్డది ఇది" అనడం. చిత్రంగా పనిచేసింది. ఆ రోజు నుంచి నన్ను "సార్ రాలేదా" అని అడిగినవాడు లేడు.

టైర్లు కొత్తవైనా కొనుక్కోవచ్చు. రిమ్ములే దొరకలేదు. ఆ మోడల్ కంపెనీ ఎప్పుడో ఆపేసింది. తుక్కు దుకాణాలన్నీ తిరిగాను. దొరికినవి సొట్టలు పోయినవో, తుప్పు తిన్నవో. ఈలోగా కారు గడువు ముగిసింది. రోడ్డెక్కిస్తే పోలీసులు పట్టుకుంటారని ఇంటిముందు నిలబెట్టాం. ఆయన సెలవులు కరిగిపోతున్నాయి. పైకి ఏమీ అనేవాడు కాదు, పొద్దున్నే తయారై మంచం మీద కూర్చునేవాడు.

అప్పుడు శాలిబండ నుంచి మా మెకానిక్ భాయ్ ఫోన్ చేశాడు. "అక్కా, సేమ్ మోడల్ బండి ఒకటి దొరికింది. మా గల్లీ ఎనక పాలోళ్ల ఇంట్ల ఉన్నది. పెద్దాయన గుజర్ గయే. బండి అట్లనే నిలబడ్డది. టైర్లు గూడ ఆయన పోయే ముంగటనే కొత్తయి ఏసిండు. కొడుకు చక్రాలు ఇస్తనంటున్నడు, జల్దీ రా."

ఉన్నపళంగా పోయాను. భాయ్ నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్లాడు. బర్రెల కొట్టం పక్కన టార్పాలిన్ కప్పి ఉంది కారు. పెద్దాయన భార్య గడప దగ్గర కూర్చుని పాల క్యాన్లు తోముతోంది. కొడుకు టార్పాలిన్ లాగాడు. కంపెనీ రిమ్ములు, మూతలతో సహా, సొట్ట కూడా లేదు! టైర్ల గ్రిప్పు వేలు దిగేటంత లోతుంది. లోపల నా ప్రాణం లేచొచ్చింది. కానీ బేరానికి పోయినప్పుడు సంతోషం బయటపెడితే ఎలా? ముఖం చిట్లించాను. ముందు చక్రాన్ని చెప్పుకాలితో ఠపీమని తన్నాను. "ఏంది గిట్లున్నయి? గట్టిపడ్డయి" అన్నాను.

క్యాన్లు తోమే చప్పుడు ఆగింది. ఆమె లేచి వచ్చింది. నేను తన్నిన చోట కొంగుతో తుడిచి, చేత్తో ముట్టి కళ్లకద్దుకుంది. అప్పుడు కనిపించింది నాకు, రిమ్ము మీద పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. దసరా నాటిది కాదు, ఆ పొద్దున పెట్టిందే.

"మా ఆయన రోజు పొద్దుగాల దీన్ని మొక్కినంకనే బండెక్కుతుండె. ఆయన పోయినంక నేను మొక్కుతున్న. నువ్వు చెప్పుకాలుతోని తంతవా బిడ్డా?" అంది.

కాలు తగిలితే మొక్కాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేనైతే నా కుట్టు మిషన్‌కు దండం పెట్టుకోకుండా పొద్దున దాని మీద కాలు పెట్టను. వంగి ఒకసారి ముట్టి మొక్కి ఉంటే అయిపోయేది. భాయ్ చూస్తున్నాడు, ఆమె కొడుకు చూస్తున్నాడు, అప్పటిదాకా మహా తెలిసినదానిలా నిలబడ్డాను. పాడు నోరు, ఊరుకుంటేనా!

"తన్ని సూడకుంటె ఎట్ల తెలుస్తది పెద్దమ్మా? రోడ్డు మీద పేడల తిరిగే టైరే గదా, దేవుడా ఏంది?" అన్నాను.

"తౌబా, అక్కా" అన్నాడు భాయ్ మెల్లగా. కొడుకు తల దించుకున్నాడు. నా మాట నాకే వినబడి చెవులు కాలిపోయాయి. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఇంకో పని చేశాను. "నా కోసం గాదు, మా ఆయన కాలు వంగదు, ఈ చక్రాలు లేకుంటే ఆయన నౌకరి పోతది" అని గడగడా చెప్పేశాను. తప్పు నాది, ఆయన కాలును అడ్డం పెట్టుకున్నాను.

ఆమె కొంగు దులుపుకుంది. "గట్లైతే ఆయననే తోల్కరా. మా ఆయన చక్రాలు ఎవలకు పోతున్నయో సూసి ఇస్త. నీకైతే ఇయ్య" అని మళ్లీ క్యాన్ల దగ్గరికి వెళ్లిపోయింది. రమ్మంటే ఆటోలో రావాలి, ఆటోలో ఆయనకు నరకం అని చెప్పవలసింది.

ఇంటికొచ్చి, "ముసలామె నిన్ను చూసి ఇస్తదట" అని మాత్రం చెప్పాను. "నన్నెందుకే? పెండ్లిచూపులా ఏంది?" అని ఆయన నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

మరునాడు ఆటోలో పోయాం. కాలు బయటికి పెట్టి కూర్చున్నాడు. బండ్లేవీ తగలకుండా నేను చెయ్యి అడ్డం పెట్టాను. గుంత వచ్చినప్పుడల్లా పళ్లు బిగించేవాడు, చొక్కా చెమటకు తడిసిపోయింది. అయినా నన్ను చూసి, "దొరికినయి గదా, ఇంకేం ఫికర్. నువ్వు మస్తు తిరిగినవ్ నా కోసం" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

భాయ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆమె ఆయనకు కుర్చీ వేయించింది. కూర్చుంటే లేవడం కష్టమని ఆయన కర్ర పట్టుకుని నిలబడే ఉన్నాడు. కాలు ఎట్లా విరిగిందో, నొప్పి ఉందో లేదో అన్నీ అడిగింది. తర్వాత గొంతు మార్చకుండానే, "నిన్న మీ ఇంటామె మా చక్రాన్ని చెప్పుకాలుతోని తన్నింది బిడ్డా. దేవుడా ఏంది అన్నది. చెప్పిందా నీకు?" అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"చెప్పింది పెద్దమ్మా. గందుకే వచ్చిన" అన్నాడు.

కర్ర భాయ్ చేతికిచ్చి, బానెట్ పట్టుకుని, వంగని కాలును పక్కకు చాపి, రెండో మోకాలి మీద మెల్లగా కిందికి దిగాడు. "వద్దు బిడ్డా, వద్దు, నువ్వు తీస్కపో చక్రాలు" అని ఆమె పరుగున వచ్చింది. అప్పటికే ఆయన చక్రాన్ని ముట్టుకుని చేయి కళ్లకద్దుకున్నాడు. ఇక లేవలేకపోయాడు. భాయ్ ఒక రెక్క, ఆమె కొడుకు ఒక రెక్క పట్టుకుని లేపారు. నేను అక్కడే, చెప్పులతో నిలబడే ఉన్నాను. నా మోకాళ్లు రెండూ వంగుతాయి.