ఫోము మేస్త్రిగారి గోనెసంచి

ఆ ఫోము మేస్త్రిగారి మీద నాకింకా కోపమే.

రాజోలు దగ్గర మా రొయ్యల షెడ్డులో, కోల్డ్ రూములో చల్లదనం బయటికి పోకుండా గోడలకు ఫోము కొట్టడానికి వచ్చారు. మందు ట్యాంకు మార్చాల్సిన ప్రతిసారీ అదే తంతు. ట్యాంకుల కుళాయిలు కట్టేసి, మందు చిమ్మే గన్ను మూతి గోనెసంచిలో పెట్టి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా నొక్కి పట్టుకునేవారు. ఆ తర్వాతే పైపు విప్పేవారు.

"ఆయ్, పైపులో ఇంకా ప్రెషరుంటాదండీ. తమరు బయటుండండి."

మర్నాడే మా చెరువులో రొయ్యల పట్టుబడి; ఆలోపు కోల్డ్ రూము సిద్ధం కావాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. "గ్యాసు బండ మార్చడానికి ఇంతసేపా!" అని అరిచి, ఆయన గన్ను అందుకునేలోపే రెంచీ తీసి పైపు నట్టు తిప్పేశాను.

ఆయన నన్ను పక్కకు తోసి అడ్డం వచ్చారు. చిమ్మిన మందంతా ఆయన మెడ మీద పడింది. కళ్ళద్దాలు పెట్టుకున్నారు కాబట్టి చూపు దక్కింది.

"మీకు తగల్లేదు కదండీ?" అన్నారు.

ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. నట్టు బిగించి, మెడ కడుక్కుని వచ్చి, గన్ను మళ్ళీ గోనెసంచిలో పెట్టి చప్పుడు ఆగేదాకా నొక్కారు. తర్వాత రెంచీ నా చేతికే ఇచ్చారు.

"ఆయ్, ఇప్పుడు తిప్పండి."