అంచుల రాసిన జవాబులు

కాగజ్‌నగర్‌ల షహర్ బానో వస్తుంటే కొందరు తలుపు దగ్గరికేసుకుంటరు. ఆమె మంచిదే. చేతిల ప్రశ్నల కాయితాలుంటయి, అదే భయం. పన్నెండేండ్ల సంది ఇల్లిల్లు తిరిగి సర్వేలు చేస్తున్నది. తెలుగుల అడుగుతది, ఉర్దూల అడుగుతది, జవాబు రాకపోతే వాళ్లింట్లనే చాయ్ తాగి మళ్ల అడుగుతది.

నిరుడు వందన అనే ప్రొఫెసరమ్మ ఆమెకొక పని అప్పజెప్పింది. ఓట్లు, లీడర్లు, సర్కారు అనంగనే మనిషి మనసు ఎట్ల నడుస్తదో చదివే పండితులకు ఒక అంతర్జాతీయ సంఘం ఉన్నదట. ఏడాదికోసారి దేశదేశాల నుంచి వచ్చి కూడుతరట. ఆ సభల చెప్పెటందుకు చుట్టుపక్కల ఊర్లల్ల మూడు వందల ఇండ్ల జవాబులు కావాలె. మొదటి ప్రశ్న: "సర్కారు మీద మీకు కోపమెంత? ఒకటి నుంచి పది దాంక చెప్పుండ్రి."

మందమర్రిల ఐలవ్వ అనే ముసలామె పక్కన కొడుకు కూసున్నడు.

"నాకేం కోపం బిడ్డా? రెండు రాస్కో" అన్నది ఐలవ్వ.

కొడుకు బండి తీసుకొని డ్యూటీకి పోయిండు. ఐలవ్వ గేటు దాంక పోయి చూసొచ్చింది. "గా రెండు కొట్టెయ్. తొమ్మిది రాయి."

"మరి ఇందాక గట్ల చెప్తివి?"

"వాడు లీడర్ల ఎంబడి తిరుగుతడు. వింటే పొద్దంత మొకం మాడ్చుకుంటడు. నాకు అన్నం తినబుద్ధి గాదు."

ఏది రాయాల్నో షహర్ బానోకు తోచలే. రెండూ రాసి, కాయితం అంచుల 'కొడుకున్నప్పుడు', 'పోయినంక' అని పెట్టింది. అప్పటిసంది ప్రతి ఇంట్ల పక్కన ఎవరున్నరో రాసుడు మొదలువెట్టింది. అత్త, ఇంటి ఓనరు, గోడ మీదికెంచి వింటున్న పక్కింటామె.

కాయితాలు చేరినంక వందన ఫోన్ చేసింది. "అంచుల్లో ఈ రాతలేంటి?"

"జర మాఫ్ చెయ్యుండ్రి మేడం. పక్కనోళ్లను బట్టి జవాబు మారుతున్నది."

"మాఫీ ఎందుకు? నేనడిగిన ప్రశ్నల కంటే మీ అంచులే బాగున్నాయి."

ఆ అంచుల రాతల మీదనే సభకు వ్యాసం తయారైంది, దాని మీద ఇద్దరి పేర్లు పడ్డయి. సభ నాడు షహర్ బానో ఇంట్లకెంచే కంప్యూటర్ల మాట్లాడింది, వందన అక్కడ ఇంగ్లీషుల చెప్పింది. భర్త నిజాముద్దీన్ కొత్త అంగీ ఇస్త్రీ చేసుకొని, కెమెరాకు కనబడని మూలకు కూసున్నడు.

ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నను వందన తెలుగుల చెప్పింది: "ఎవరూ లేనప్పుడు చెప్పిందే నిజమని ఎట్లా నమ్ముతారని అడుగుతున్నారు."

షహర్ బానో కెమెరా దగ్గరికి జరిగింది. "ఎవరూ లేకుండ ఏడుంటది సార్? ఎదురుంగ నేనుంట గద. అంచుల నా పేరు గూడ రాయాలె."

పండితులు నవ్విండ్రు, తర్వాత తలలొంచి రాసుకున్నరు. నవ్వుడెందుకో నిజాముద్దీన్‌కు అర్థం గాలే. అయినా ఆయన గూడ నవ్విండు.

సంఘమోళ్లు ఆమెకు ఏడాది సభ్యత్వం ఇచ్చిండ్రు. నెలనెలా పొడుగు ఇంగ్లీషు ఉత్తరాలొస్తయి. బిడ్డ మహెక్ చదివి తెలుగుల చెప్తది. కొన్నిటికి షహర్ బానో "గిది నాకెరికే" అంటది. కొన్నిటికి కండ్లు మూసుకొని తలూపుతది. నిద్రవోయిందో, వింటున్నదో మహెక్ అడగది.