అత్త చెంపలో రేడియం సూదులు

మా మేనత్తను మిలిటరీ ట్యాంకుల మధ్య నుంచి, తుపాకులకు ఎదురుగా, నా భుజాల మీద మోసుకుని దవాఖానకు చేర్చానని చాలామందికి చెప్పాను. మా మనవళ్లు ఇప్పటికీ నమ్ముతారు. అసలు సంగతేమిటంటే, అప్పటికి పోలీసు యాక్షన్ అయిపోయి చాలా నెలలైంది. ట్యాంకులు లేవు. మెట్టుగూడ నుంచి రిక్షాలో వెళ్లాం. ఎత్తు వచ్చిన చోట నేను దిగి వెనక నుంచి నెట్టాను. నేను మోసింది అంత మాత్రమే.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేస్తూ నేను అత్త, మామయ్యల ఇంట్లోనే ఉండేవాణ్ణి. అత్తకు జర్దా పాన్ అలవాటు. పెద్దగా నమిలేది కాదు. ఆకులో సున్నం, జర్దా పొగాకు చుట్టి ఎడమ చెంపలో పెట్టుకుంటే అన్నం వేళ దాకా అది అక్కడే. రోజూ అదే చెంప, అదే మూల. రజాకార్ల గడబిడ రోజుల్లో ఆ మూలన తెల్లటి మచ్చ లేచి, పుండైంది. దానికి ఆమె వైద్యం ఆమే కనిపెట్టింది. చిటికెడు జర్దా తీసి సరిగ్గా ఆ పుండు మీదే అదిమేది. కాసేపు మొద్దుబారేది.

"చూసినవా అల్లుడా, దీన్ని మించిన మందు లేదు" అనేది.

మంట పెరిగితే ఇంకాస్త జర్దా. బయట ఏ పూట ఏమవుతుందో తెలియని కాలం. ఆడవాళ్లను గడప దాటనిచ్చేవాళ్లం కాదు. అన్నీ సర్దుకున్నాక చూపిద్దామనుకున్నాం. నిజాం ప్రభుత్వం పోయి మిలిటరీ గవర్నర్ వచ్చాడు. పుండు మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

వాసన మొదలయ్యాక వాడలోని ముసలమ్మలు రాచపుండు అన్నారు. ఆ ఒక్క మాటతో ఇల్లు మారిపోయింది. అంటుకుంటుందని అత్త గ్లాసు, కంచం వేరు చేశాం. వేరు చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. మామయ్య ఒక్కడే ఆమె మిగిల్చిన చాయ్ ఎప్పటిలాగే తాగేసేవాడు.

దవాఖానలో డాక్టర్ చెంప లోపల తడిమి, మెడ కింద నొక్కి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. మామయ్యతో కలిసి మళ్లీ వెళ్లినప్పుడు క్యాన్సర్ అని చెప్పాడు.

"అమ్మా, ఇది అంటుకునే రోగం కాదు. ముందుగాల ఆ మాట మనసులకెల్లి తీసెయ్యి. నీ ఒంట్ల కండనే అడ్డూ అదుపూ లేకుండ పెరుగుతున్నది. ఏండ్ల సంది పొగాకు, సున్నం ఒక్క జాగనే ఒరుసుకుంటుంటే గిట్ల అయితది."

"మా అమ్మ సుత గిదే తిన్నది. ముసలిదయ్యి పోయింది. ఆమెకేం కాలె."

"ఒకరికి వస్తది, ఒకరికి రాదు. ఎందుకో మాకు సుత పూర్తిగ తెల్వదు. జర్దా పెట్టేటోళ్లలోనే ఎక్కువ చూస్తున్న, గంతే."

తెలియదని ఒప్పుకునే డాక్టర్‌ను చూడటం నాకదే మొదలు. చెంప కండలో రేడియం సూదులు గుచ్చి కొన్ని దినాలు ఉంచుతామన్నాడు. రోగం ఇంకా మెడకు దిగలేదు కాబట్టి ఆశ ఉందని, మాట మాత్రం ఇవ్వలేనని చెప్పాడు. "సూదులు ఉన్నన్ని దినాలు ఎవ్వరు పక్కన కూసోవద్దు" అని కూడా అన్నాడు.

అత్త లేచి నిలబడింది.

"అంటుకోదంటడు, పక్కన కూసోవద్దంటడు. ఇంట్ల వేరు పెట్టింది చాలలేదా? అల్లుడా, రిక్షా పిలువు. సచ్చేదేందో మా ఇంట్లనే సస్త."

ఇక్కడ నేను గంటసేపు మాట్లాడి ఆమె మనసు మార్చానని రాయాలని ఉంది. చాలాసార్లు అలాగే చెప్పాను కూడా. నిజానికి నేను రిక్షా పిలవడానికి లేచాను. నోరు తెరిచింది మామయ్య.

"నేను ఎంత దూరం నిలవడాలె సాబ్?"

డాక్టర్ తలుపు చూపించాడు. అక్కడ కాసేపు నిలబడితే ఫరవాలేదట. రేడియం పుండును కాల్చినట్టే పక్కవాళ్ల మంచి కండనూ కాలుస్తుందట, దూరం అందుకేనట. మామయ్య నడిచి వెళ్లి తలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగాడు.

"ఈడికెల్లి కనవడ్తున్ననా?"

"నాకు చెంప పోయింది, కండ్లు పోలె."

"మరింక తక్లీఫ్ ఏంది? రోజు వస్త. నీ పుండుకు భయపడి గాదు, ఆ సూదికి భయపడి ఈడ ఉంట."

అత్త ఆయన వైపు తిరిగింది.

"ఇన్నొద్దులు నా ఎంగిలి చాయ్ తాగినవు, భయం కాలేదా?"

"అది నా చాయే. ముందుగాల నువ్వు తాగుతవు, గంతే."

ఆమె కూర్చుంది.

సూదులున్నన్ని రోజులు ఆమె మాట్లాడలేకపోయింది. మామయ్య తలుపు దగ్గర నిలబడి రెజిమెంటల్ బజార్ కబుర్లు చెప్పేవాడు. సగం కల్పితాలే. నాకు ఈ కల్పించి చెప్పే జబ్బు ఎక్కడ అంటుకుందో మీకు అర్థమై ఉంటుంది. ఆమె జర్దా కావాలని సైగ చేస్తే ఆయనకు అప్పుడే చూపు మందగించేది.

సూదులు తీశాక, చెంప లోపల కాలి ఉండటంతో చాలా కాలం గంజి, మజ్జిగే. నోరు మునుపటిలా పూర్తిగా తెరుచుకోలేదు. అయినా పుండు మానింది. ఆమె నూరేళ్లు బతికిందని చెబుతుంటాను. అది అబద్ధం. తన మనవరాలు కాలేజీకి వెళ్లేదాకా బతికింది, చివరికి గుండె ఆగి పోయింది.

అన్నాళ్లూ అడపాదడపా మెడ చూపించుకోవడానికి వెళ్లాల్సిందే. డాక్టర్ వేళ్లు చెవి కింద నుంచి మెల్లగా కిందికి దిగుతుంటే మామయ్య, నేను ఆ వేళ్లనే చూస్తుండేవాళ్లం.

"పూర్తిగ బాగైనట్టేనా సాబ్?" అని మామయ్య ప్రతిసారీ అడిగేవాడు.

"ఇయ్యాలకైతే ఏం లేదు. మళ్ల రాండ్రి."

ఆ జవాబు మాకు చాలేది కాదు. అత్తకు చాలేది. కొంగు సర్దుకుని మాకంటే ముందు బయటికి నడిచేది.

"ఇయ్యాలకు లేదట. జెర జల్దీ నడువుండ్రి, పొయ్యి మీద పప్పు పెట్టాలె."