కూతురి బదులు చెప్పిన వందనం

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నడుస్తున్న రోజుల్లో, మేం హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక మేడమీద గదిలో అద్దెకుండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా నాన్న సినిమాలకు బట్టలు కుట్టే దర్జీ. పక్కగదిలో ఒక అక్క ఉండేది. వరంగల్ దగ్గరి పల్లెటూరు ఆమెది. పాటల్లో హీరోయిన్ వెనక గుంపులో డ్యాన్సు చేసేది. ఆదివారం మాత్రం మాతోపాటే బోరబండలోని రేకుల చర్చికి వచ్చేది.

అక్క వాళ్ల నాయిన ఊళ్లో చర్చి సంఘపెద్ద. కూతురు సినిమాల్లోకి వచ్చిందని నాలుగేళ్లుగా ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆ దిగులు అక్క పైకి చెప్పేది కాదు గానీ, చర్చిలో తండ్రుల మాటేదైనా వస్తే తల వంచుకునేది.

అలాంటి అక్కకు ఒక సినిమాలో హీరోయిన్ స్నేహితురాలి వేషం దొరికింది. చిన్నదే, కానీ మాటలున్నాయి. వాటిని నా ముందు ఎన్నిసార్లు చెప్పిందో, నాకూ నోటికొచ్చేశాయి. సినిమా విడుదలవుతుందనగానే నాయినకు ఉత్తరం రాసింది. వచ్చే ఆదివారం మా మేడమీద కృతజ్ఞత కూడిక పెడుతున్నానని చర్చిలో అందరినీ పిలిచింది. ఆయన వస్తాడని మేమెవరం అనుకోలేదు. గురువారం పొద్దున సంచీ నిండా మక్కకంకులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

శుక్రవారం మార్నింగ్ షోకి వెళ్లాం. నేను వాళ్లిద్దరి మధ్య కూర్చున్నాను. తెరమీద ఏ ఆడపిల్ల కనిపించినా ఆయన ముందుకు వంగి చూసేవాడు. ఇంటర్వెల్ అయింది. అక్క మాట్లాడాల్సిన పెళ్లి సీను వచ్చింది, పోయింది. అందులో అక్క లేదు.  ఆట ముగిసి జనం లేస్తున్నా ఆయన కదల్లేదు.

“అయిపోయిందా బిడ్డా?” అని మెల్లగా నన్నడిగాడు.

అయిపోయిందని తలూపాను. సినిమా నిడివి ఎక్కువైందని ఆ ముక్క తీసేశారట. అక్కకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

రెండురోజులు అక్క సరిగ్గా అన్నం తినలేదు. కూడిక మానేద్దాం, చర్చి పాస్టరు అయ్యగారికి నేను చెప్తానంది మా అమ్మ. “పిలిచినంక వద్దంటే ఎట్లక్కా?” అంది అక్క. సండేస్కూలు పిల్లలందరి ముందూ గొప్పలు చెప్పుకున్నదాన్ని, నాకు దేవుడిమీదే కోపం వచ్చింది. ఇంత చేసినవాడికి కృతజ్ఞతలెందుకని చాపలు పరిచేటప్పుడు కూడా విసుక్కున్నాను.

ఆదివారం సాయంత్రం పాటలయ్యాక, నీ సాక్ష్యం చెప్పమ్మా, దేవుడు చేసిన మేలుకు వందనాలు చెప్పుకో అన్నారు అయ్యగారు. అక్క లేచింది. 

“నాకు వందనాలు చెప్పబుద్ధి అయితలేదు అయ్యగారూ. నోరొస్తలేదు. దేవునికి అబద్ధం ఎట్ల చెప్పాలె?”

 వెనక ఎవరో గుసగుసలాడారు. అప్పుడు వాళ్ల నాయిన లేచాడు. భుజంమీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆనాడే వద్దన్నానని అందరిముందూ తిడతాడేమో అనుకున్నాను.

“నువ్వు చెప్పకు బిడ్డా. నీ బదులు నేను చెప్త” అని కళ్లు మూసుకున్నాడు. “ప్రభువా, నా బిడ్డకు దుఃఖమైంది. గా దుఃఖానికి నేను గూడ వందనం చెప్పలేను. నాలుగేండ్లు నేనే మొండికేసిన. ఇయ్యాల దాని చేతి బువ్వ తింటున్న. నాకు గిది చాలు. దానికి నోరొచ్చిననాడు అదే చెప్పుకుంటది. అప్పటిదాంక నాది తీస్కో.”

అక్క కొంగులో ముఖం దాచుకుని భోరుమంది. ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. ఆమేన్ అనడం కూడా అందరం మరిచిపోయాం.

మర్నాడు ఆయన ఊరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెలకొకసారైనా వచ్చేవాడు. అక్కకు మళ్లీ మాటలున్న వేషం రాలేదు. గుంపులోనే డ్యాన్సు చేసింది. చర్చికి వచ్చేది, పాడేది గానీ, సాక్ష్యానికి లేవడం నేను చూడలేదు. రెండేళ్లకు మేం షేక్‌పేట వైపు ఇల్లు మారాం. ఆమెకు నోరెప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

ఉన్నదానికి తృప్తిపడటమంటే లేనిదాన్ని లేదని చెప్పకుండా దాచడం కాదని ఆ సాయంత్రమే నా మనసులో పడింది. అది బాగా అర్థమవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. మా పెద్దబ్బాయి చనిపోయినప్పుడు అన్నిటికీ స్తోత్రం చెప్పుకోమని వచ్చినవాళ్లంతా అన్నారు. నావల్ల కాలేదు. మా అమ్మ ఒక్కతే ఆ మాట అనలేదు. రోజూ నా మంచం పక్కన కూర్చుని, నా బదులు వందనం తనే చెప్పింది. నాకు నోరు రావడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఎవరింట్లో కష్టమొచ్చినా నేను వెళ్తాను. వాళ్లను వందనాలు చెప్పమనను. పక్కన కూర్చుని, వాళ్ల బదులు నేను చెప్పి వస్తాను.