అద్దం మీద ఆడచెయ్యి

నెల్లూరు సముద్రతీరంలో పోలీసు ఉద్యోగం చేసినవాళ్ళలో, తన పరువును తన నోటితోనే ముంచుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. అరవయ్యో దశకం మొదట్లో మాట. వేలిముద్రల శిక్షణ ముగించుకుని విడవలూరు వైపు వచ్చిన కొత్త కానిస్టేబుల్ని. జేబులో భూతద్దం పెట్టుకుని, లోకంలోని దొంగలంతా నాకోసమే కాచుకుని ఉన్నట్టు నడిచేవాణ్ణి.

ఒక రైతు ఇంట్లో, అద్దాల బీరువాలోంచి వెండి చెంబు పోయింది. ఇంటికి చేపలు తెచ్చే పోలమ్మ మీద రైతుకు అనుమానం. నేను బీరువా తెరిచి, లోపల చూసి, మూసి, అద్దం మీద నల్లపొడి చల్లాను. బొటనవేలి ముద్ర ఒకటి ముచ్చటగా తేలింది.

"ఆడమనిషి సార్," అన్నాను ఇన్‌స్పెక్టరు గారితో.

"ఎట్టా చెప్తావయ్యా?"

"గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉండాయి సార్. మగవాళ్ళవి మోటుగా, ఎడంగా ఉంటాయి."

శిక్షణలో మాస్టారు చెప్పింది 'చాలామందిలో' అని. ఆ ఒక్క మాట అన్నప్పుడు నేను కునుకు తీస్తున్నాను.

పోలమ్మను స్టేషను వరండాలో కూర్చోబెట్టారు. భర్తను సముద్రంలో పోగొట్టుకున్న మనిషి. గంపలో చేపలు ఎండకు పాడైపోతున్నాయి.

"దొంగదన్న పేరొస్తే నా దగ్గర చేప ఎవురు కొంటారు సామీ?" అని అడిగింది.

నేను వెళ్ళి సిరా తెచ్చాను. ఆమె వేలిగీతలు పడవ మోకుల్లా మోటుగా పడ్డాయి. అద్దం మీది ముద్రతో కలవలేదు. ముద్ర ఆడమనిషిదన్నాను కదా అని, రైతు కొడుకు తమ ఇంటి ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళవీ కలవలేదు.

ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగారు.

"ఆ బీరువా తెరిచి మూసింది ఎవురు?"

"నేనే సార్."

"నీ చెయ్యి ఇట్టా పెట్టు."

పెట్టాను. గీత గీతకూ కలిసింది.

స్టేషన్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

పోలమ్మ మొహం చూడలేక కాబోలు, రైతు కొడుకు తల దించుకుని, చెంబు తనే నెల్లూరులో కుదువ పెట్టినానని ఒప్పుకున్నాడు.

"తప్పయిపోయింది పోలమ్మా," అన్నాను.

ఆమె గంప నెత్తికెత్తుకుని, సిరా అంటిన నా వేలిని ఒకసారి, నా మొహాన్ని ఒకసారి చూసింది.

"పోనీలే. పొయ్యొస్తానక్కా," అంది.

ఆ క్షణమే సముద్రం సాక్షిగా ప్రమాణం చేశాను. వేలిముద్ర సంగతి అటుంచండి. ఇకపై మనిషే ఎదురుగా వచ్చి నిలబడినా, ఆడో మగో వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా నేను నోరు విప్పను.