నడిపయ్య ఎలుకలకు పెట్టిన పసుపు

1997ల నడిపయ్యకు హైదరాబాద్‌ల ఒక ల్యాబుల ఎలుకలకు మేత వేసే నౌకరీ దొరికింది. అప్పటిదాంక ఆర్మూర్ మార్కెట్ల పసుపు బస్తాలు మోసిండు. నౌకరీ ఇప్పించింది కమీషన్ దుకాణం నారాయణదాస్ సేటు బిడ్డ విద్యావతి. అక్కడి పరిశోధన ఆమెదే. ల్యాబుల ఆమెను మేడం అంటడు, ఆర్మూర్ల బిడ్డా అంటడు.

ఎలుకలు రెండు వరుసలు. మొదటివి మామూలువి. రెండో వరుస ఎలుకలకు కాలేయంల విషాన్ని విరిచే ఎంజైమ్ ఒకటి లేదు. దాన్ని తయారుచేసే జీన్‌ను పుట్టకముందే తీసేసిండ్రు. అన్నిటికీ కొద్దిగ విషమున్న మందు పెట్టి, ఎంజైమ్ లేనివి ఎంత పాడైతయో చూడాలె. విద్యావతి ఇదంత ఓపికగ చెప్పింది. నడిపయ్యకు సమజైంది ఒకటే, పుట్టకముందే వాటి సొత్తు గుంజుకున్నరని. రెండు రోజులు కుట్ల జాడ కోసం వాటి కడుపులు తిప్పి చూసిండు. దొరకలె.

పాపం అనిపించింది. ఆర్మూరోళ్లకు పాపం అనిపిస్తే చేసే పని ఇంకేముంటది? దెబ్బకు పసుపు, దగ్గుకు పసుపు, బాలింతకు పసుపు. రెండో వరుస మేతల రోజూ చిటికెడు కలిపిండు.

ఏడు నెలలైనా అవి బొద్దుగనే ఉన్నయి. విద్యావతికి మాత్రం తిండి సయిస్తలేదు. ఎంజైమ్ లేకున్నా ఏం కాకపోతే ఆమె మూడేండ్ల పని మట్టిల కలిసినట్టే.

ఎండకాలం సెలవులకు ఆమె ఆర్మూర్ వచ్చి, సెలవు మీద వచ్చిన నడిపయ్యను ఇంటికి పోయి పలకరించింది. ఆయన భార్య వెంకవ్వ చాయ్ ఇచ్చి, “బిడ్డా, గీసారి పసుపు జర సన్నగ దంచి పంపిన. ఎలుకలు మంచిగ తింటున్నయా?” అని అడిగింది.

విద్యావతి చాయ్ కింద పెట్టింది. “ఏ ఎలుకలు, కాకా?”

“ఎంజైమ్ లేనివి,” అన్నడు నడిపయ్య.

“మరి మొదటి వరుసకు ఎందుకు పెట్టలె?”

“వాటికి అన్నీ ఉన్నయి గద, బిడ్డా.”

ఎలుకలను పసుపే కాపాడిందా, ఇంకేమన్ననా, తేల్చే దారి లేదు. నౌకరీ పోతదని నడిపయ్య బట్టలు సదురుకున్నడు. నౌకరీ పోలె, ఎలుకలు పోయినయి. పరీక్షకు పనికిరానివాటిని ప్రాణంతోని ఉంచొద్దని రూలు. ఇరవై నాలుగింటినీ ఒక్కొక్కటి తానే పట్టి అందించిండు. చేతికి అలవాటైనయి గనక అవి గింజుకోలె. నడిపయ్యకు మస్తు దుఃఖమొచ్చింది. తలుపు వెనక నిలబడి ఏడ్చి, పంజరాలు కడిగిండు.

కొత్త ఎలుకలొచ్చినయి. మూడో వారం రెండో వరుసవి మేత ముట్టుడు బంద్ చేసినయి. విద్యావతి ముఖం తేటపడ్డది.

“గిట్లనే కావాల్నా, మేడం?”

“గిట్లనే, కాకా.”

నడిపయ్య వాటి తూకం చూసి రాసిండు, నీళ్ల సీసలు మార్చిండు.